వెంట్రుకవాసి

మా ఆయన కొల్లోజు మాణిక్యాచారి
ముందు పట్టెమంచాల కోళ్ళు తీసేవాడు.
భీమవరం క్లబ్బు మార్కరు దావీదు
విరిగిన స్నూకర్ కర్రొకటి గోనెలో చుట్టి తెచ్చి
"అతకగలవా ఆచారీ" అన్న రోజు నించీ
మా ఇంటి దూలాలకి కర్రలే వేలాడుతున్నాయి,
గబ్బిలాల్లా తలకిందులుగా,
ఒక్కొక్కటీ మూడేసి వర్షాకాలాలు.

ఎందుకయ్యా అన్నేళ్ళు అంటే
"చెట్టు చచ్చాక కూడా కర్రకి దాహం పోదే,
తాగి తాగి విసిగిపోనీ" అంటాడు.

పాలకొల్లు గాలి సంగతి చెప్పాలా?
జాడీలో ఉప్పు కన్నీళ్ళు పెట్టుకుంటుంది.
అగ్గిపుల్ల మూడో గీతకి గానీ వెలగదు.
ఇక్కడ తిన్నగా ఉన్నదేముంది గనక!
గోదారి వంకర, కొబ్బరిచెట్టు వంకర,
వరిగట్టు మీద పెరిగిన మనిషి నడక వంకర.
లాకుల నించి లాకులకి కాలవొక్కటే తిన్నన,
అదీ ఎవరో దొర తాడు పట్టి తవ్వించాడు కాబట్టి.
అలాంటి ఊళ్ళో
నాలుగడుగుల పదంగుళాల కర్ర
వెంట్రుకవాసి ఒంగకూడదట.

ఆ చెక్కల పేర్లకి నాకు నోరు తిరగదు.
కొచ్చిన్ నించి పార్సిళ్ళొస్తాయి.
ఒకటి పేరిన నెయ్యిలా ఉంటుంది.
ఒకటి కోసినప్పుడు మట్టిరంగు,
నాలుగు రోజులు ఎండ చూపిస్తే
నేరేడుపళ్ళు తిన్న నాలుక.
ఆఫ్రికా నల్లచేవ పొడికి వారం తుమ్ముతాడు,
తలగడ గలీబులు ఉతికేది నేను.
నర్సాపురం రేవులో పాత లాంచీ విరగ్గొడితే
ఇరుసు కింద దిమ్మొకటి దొరికింది.
ఏ దేశపు చెట్టో,
బిందెలో వేస్తే రాయిలా మునిగింది.
ఆ రాత్రి దాన్ని పక్కన పెట్టుకుని అన్నం తిన్నాడు.

రోజుకో పొర. అంతే.
లేత్ ఆపేసి మళ్ళీ దూలానికి కడతాడు.
పిడిలోకి నాలుగు మొనలు దిగాలి,
నాలుగూ ఒక్క ఎత్తులో ఆగాలి.
చివర కడప బండ మీద దొర్లించి
కళ్ళు మూసుకుంటాడు.
"కన్ను మొహమాటపడుతుంది, చెవి పడదు."

రొయ్యల చెరువుల గోపాలరాజుగారు
ఎనభైవేలు అడ్వాన్సిచ్చి
పిడి మీద తన పేరు ముత్యపుచిప్పతో
తెలుగులోనే పొదగమన్నారు.
రెండేళ్ళ తరవాత, ముసురు పట్టిన పొద్దున,
కారు వీధి మలుపు తిరుగుతుండగా
బండ మీద కర్ర "టక్" మందట.
నాకేం వినపడలేదు.
రాజుగారికీ వినపడలేదు,
"ఇలా ఇచ్చెయ్యవయ్యా, నాకు బానే ఉంది" అన్నారు.
నేను గుమ్మంలోంచి సైగలు చేశాను,
పిల్లదాని ఫీజు, కరెంటు బిల్లు, వేళ్ళు మడిచి మరీ.
ఈయన రంపం తీశాడు.

రెండ్రోజులు మాటల్లేవు మా మధ్య.
అడ్వాన్సు మూడు వాయిదాల్లో తిరిగి కట్టాం.

మా వీధిలో ఏ వంటింట్లోనైనా చూడండి,
పప్పుగుత్తి పిడి ఆఫ్రికాది,
పచ్చడిబండ బ్రెజిల్‌ది,
ఒంగినవన్నీ అలా మా అందరి చేతుల్లోకొచ్చినవే.
రాజుగారి పేరు కూడా రెండు ముక్కలైంది.
"గోపాల" నా కవ్వం మీద పడింది,
"రాజు" అప్పడాల కర్ర మీద.
పోయిన నెల ఆయనొచ్చి
తన పేరుతో చిలికిన మజ్జిగ తాగి,
నవ్వాలో తిట్టాలో తెలీక కాసేపు కూచుని,
మళ్ళీ అడ్వాన్సిచ్చి వెళ్ళారు.

నిన్న అప్పడాలు ఒత్తుతున్నాను.
బయట జల్లు, లోపల లేత్ ఆగి ఉంది.
కర్ర అటు దొర్లింది, ఇటు దొర్లింది,
ఊరికే, పనేం లేక, చెవి ఒగ్గాను.

ఎవరితోనూ అనకండి.
వినపడింది.