గురువారం దాకా

లొల్ల లాకుల దగ్గర రేకుల షెడ్డు.
రెండు మిక్సీలు, ఒక తక్కెడ,
వీరవేణి గారి బోర్లించిన కుండ.
ఇదే మా పరిశ్రమ.

నాలుగో తరగతిలో బచ్చలిపండ్లు చిదిమి
సిరా చేశాను.
సోమవారం పలక అట్ట మీద రాసిన సుభాషిణి
గురువారానికి టీ మరక.
ఆ ఉక్రోషమే ఇవాళ
షెడ్డుకి అద్దె కడుతోంది.

మొదట బంగాళాదుంప పిండిలో దాచాను రసాన్ని.
వారం తిరక్కుండా వెలిసిపోయింది.
తర్వాత ఒట్టి తుమ్మబంక.
వాయుగుండం పట్టిన రాత్రి
పొడి గాలిలోని తడంతా తాగి గడ్డకట్టింది,
సీసా తిరగేసి కొట్టినా
ఉలవంత రాలలేదు.

"సంతలో రంగుపొట్లం పది రూపాయలేనమ్మా"
అన్నాడు పాలకేంద్రం సత్తిరాజు, పోతూ పోతూ.
నిజమే. ఆ లెక్క నాకూ వచ్చు.

వీరవేణి గారు జయ బియ్యం రుబ్బి
పలచటి గుడ్డ పిండిపాలలో ముంచి
వేడి కుండ మీద ఒక్క విసురు విసురుతారు.
ఊపిరి తగిలితే చిరిగే రేకు లేస్తుంది.
నలభై ఏళ్ళుగా ఆ రేకుల్లో
బెల్లాన్నీ నేతినీ దాచిన చెయ్యి అది.

నా సీసాలు ఎత్తి చూసి, దించి,
"ఎర్రదాన్ని కుండెక్కిస్తే చచ్చిపోద్దే.
ముందు బియ్యప్పాలు కాగనియ్యి. చల్లారనియ్యి.
బంక అప్పుడు.
చెయ్యి పెడితే చురుక్కుమనకూడదు, అప్పుడు రసం.
ఎండలో ఆరబెట్టకు. తలుపేసి, ఫ్యాను కింద."
కాసేపాగి,
"వండేది కాదిది. నిద్రపుచ్చేది."

రంగంటే వెలుగు బిడ్డ అనుకునేదాన్ని.
ఆ తల్లే బిడ్డని తింటుందని
కిటికీలో పెట్టిన సీసా చెప్పింది.

నలభై ఒకటో రోజు.
కిటికీ సీసాలో ముప్పాతిక మిగిలింది.
బీరువా సీసాలో, మూత తీస్తే,
అప్పుడే చిదిమిన పండు.
వీరవేణి గారు చూసి ఏమీ అనలేదు,
కుండ కడగడానికి కాలవకి వెళ్ళారు.

చిటికెడు పొడి గిన్నెలో వేసి
నీళ్ళు పోశాను.
బంక కరిగింది, బియ్యం పక్కకి జరిగింది,
నిద్ర లేచిన రంగు
గిన్నె అంచుదాకా పాకింది.

పాత నోటుపుస్తకం చివరి పేజీ మీద
వేలితో రాశాను మళ్ళీ, సుభాషిణి.

తెలుసు.
గూడు విడిచిన రంగుకి
మళ్ళీ గురువారం వస్తుంది.
అందుకే మిగతా పొడి మూత బిగించి,
సోమవారాలన్నీ సీసాలో పోసినట్టు,
బీరువాలో పెట్టి తాళం వేశాను.