గుక్క

ఖాన్యిసా టెనర్ సాక్సఫోన్ అందుకుంటే
లాంగా వీధిలో కుక్కలు కూడా అలిసిపోయేవి.
పదహారు స్వరాలు, వెంటనే ఇంకో పదహారు,
సందు దొరికితే మరో ఎనిమిది.
బ్రెడ్డు ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు చేసే చేతులు,
ట్రే ఖాళీగా కనబడితే ఊరుకోవు.

"గుక్కపట్టి ఏడ్చే పిల్లలా ఉంది," అన్నాడు టాటా ఫికిలే.
టాటా అంటే అక్కడ నాన్న.
"దానికేం కావాలో ఎట్లా తెలుస్తుంది,
కాస్త ఆగితే గదా!"

ఆయనకి ఊపిరితిత్తులు సగమే పనిచేస్తాయి.
తక్కిన సగం జొహన్నెస్‌బర్గ్ బంగారు గని ఉంచేసుకుంది.
వాక్యానికి ఒక గుక్క. అంతే ఆస్తి.
అక్కర్లేని స్వరాన్ని ఆయన బేరమైనా అడగడు.

మొదటి వారం మూడే స్వరాలు ఇచ్చాడు.
"వీటితో నిన్నటి గొడవ చెప్పు.
సూపర్‌వైజరు ఏమన్నాడు, నువ్వేమన్నావు,
ఏది అనబోయి మింగేశావు."
మెట్రోనోమ్ రెండో దెబ్బకీ నాలుగో దెబ్బకీ మాత్రమే.
ఒకటీ మూడూ నీ మోకాలికి తెలియాలట.

తర్వాత నాలుక.
"మన ఖోసాలో నాలుక చిటికెలేస్తుంది,
సీసా మూత తీస్తుంది, గుర్రాన్ని అదిలిస్తుంది.
అదే నాలుక రీడ్ దగ్గరికొచ్చేసరికి
మేకులు కొట్టే సుత్తి ఎందుకవుతుంది తల్లీ?"

ఆమె అద్దం ముందు నిలబడి
తన పేరునే లోపల్లోపల పలుకుతూ ఊదింది.
'ఖా' బరువుగా.
'న్యి' తగిలీ తగలనట్టు,
తెలుగు పాత పుస్తకాల్లో అరసున్నాలా:
రాసి ఉంటుంది, వినపడదు,
చెరిపేస్తే మాత్రం ఏదో వెలితి.
'సా' కొంచెం ఆలస్యంగా,
రైలు కదిలాక ఎక్కే మనిషిలా.

కింది పెదవి లోపల పంటి గాటు.
రెండు రీడ్లు చీలాయి, జీతం ఇంకా రాలేదు.
డిసెంబరు గాలి రేకు కప్పుని లేపుతుంటే
ఒకే స్వరాన్ని పట్టుకుని నిలబడింది
వణకకుండా,
గాలి తగ్గాక కూడా కాసేపు.

శుక్రవారం, సారా కొట్టు వెనక గది.
రెండో చుట్టులో ఆమె వంతు వచ్చింది,
కరెంటు పోయింది.
చీకట్లో వేళ్ళు ట్రే కోసం వెతుక్కున్నాయి.
వెతకనిచ్చింది.
ఊదలేదు.
బాసు ఒక్కటే నడుస్తోంది, చెప్పులు లేని మనిషిలా.
ఒక బార్. ఇంకొక బార్.
వెనక బెంచీలోంచి ఎవరో వ్యాను డ్రైవరు
"ఎవే" అన్నాడు, అవునని.
ఏమీ ఊదని చోట!

అప్పుడు మూడు స్వరాలు.
మూడోదాన్ని సగంలో మింగేసింది.

మూలనుంచి టాటా ఫికిలే దగ్గాడు,
సరిగ్గా నాలుగో దెబ్బ మీద.
కావాలనే దగ్గావా అంటే
ఇప్పటికీ చెప్పడు,
గుక్క దండగని.