లస్కరు

సూర్యారావుపేటలో రెండో అంతస్తు, లిఫ్టు పనిచేయదు.
చొక్కా జేబులో డబ్బాని గుండెకి ఆనించుకుని
మెట్లెక్కి వచ్చాడు నాంచారయ్య.
చల్లారనీయొద్దని చెప్పింది నేనే.
డబ్బా మీద తన పేరు లేదు,
భార్య పేరు రాశాడు: శేషుమణి.
"గట్టిగా పిలవకండమ్మా" అన్నాడు.
ఇక్కడ అందరూ అనే మాటే.

అద్దం కింద చుక్క పెట్టాను.
మామూలుగా అయితే అక్కడ తిరనాళ్ల,
తోకలాడిస్తూ, తోసుకుంటూ, దారి తప్పి ఒకదాన్నొకటి గుద్దుకుంటూ.
ఇవాళ బందు రోజు బీసెంట్ రోడ్డు.
ఇంకో చుక్క. అదే రోడ్డు.

నెల తర్వాత చిన్న ముక్క తీసి చూశారు.
కణాలున్నాయి. గుండ్రంగా, బుద్ధిగా,
డెబ్బై రోజులు దాటే ప్రయాణంలో
తోక మొలవాల్సిన మలుపు దగ్గర
అన్నీ ఒకేచోట ఆగిపోయి.

డాక్టరు గారు కాగితం మీద గీస్తున్నారు.
ఈ చిన్న ఆర్‌ఎన్‌ఏలున్నాయే,
ఇవి ఏ ప్రోటీనూ తయారుచేయవు.
ఏ రాత ఎప్పుడు చదవాలో, ఏది ఎప్పుడు నోరు మూసుకోవాలో చూస్తాయి.
గంతులేసి పక్కవాళ్ల రాతల్లో దూరే జన్యువుల్ని
పట్టి కూర్చోబెడతాయి.
"ఒకప్పుడు చెత్త అనుకున్నాం వీటిని.
మీలో ఇవే తప్పాయేమో. ఖాయంగా చెప్పలేను."

నాంచారయ్య చాలాసేపు కాగితం చూశాడు.
"బందరు కాలవ మీద లస్కర్నండి నేను.
ఇరవై రెండేళ్లు. ఒక్క గింజ పండించలా.
తలుపు ఎత్తమంటే ఎత్తుతా, దించమంటే దించుతా.
ఎత్తాల్సిన పొద్దున ఎత్తకపోతే నారుమడి ఎండుద్ది,
దించాల్సిన రాత్రి కునుకు తీస్తే చేను మునుగుద్ది.
పేపర్లో రైతు ఫొటో వేస్తారు, నాది వెయ్యరు.
వెయ్యాలని కాదులెండి."
ఆగాడు.
"అయితే లోపలి లస్కరు డ్యూటీకి రాలేదన్నమాట."
నవ్వబోయాడు. నవ్వూ రాలేదు.

ఆవిడ బయట బెంచీ మీద.
పదకొండేళ్ల మందులన్నీ ఆవిడే మింగింది.
ఎవరూ చెప్పలేదు, ఫైలు లావు చూస్తే తెలిసింది.

రెండో రిపోర్టూ నేనే రాశాను.
సంఖ్య, కదలిక, ఆకారం, అన్నిటికీ గడులున్నాయి.
తలుపు దగ్గర ఎవరు లేరో రాసే గడి లేదు.
సున్నా వేసి సంతకం పెట్టాను.

నాలుగు మడతలు పెట్టి
డబ్బా వెచ్చగా ఉన్న ఆ జేబులోనే పెట్టుకున్నాడు.
మెట్ల మలుపులో అతని గొంతు వినిపించింది:
"నీ వల్ల కాదంట, శేషూ."
తర్వాత ఇంకేదో అన్నాడు,
కింద ఆటో హారన్లో కలిసిపోయింది.