పదిహేడో వరస

నైనియప్ప నాయక్ వీధిలో కర్పూరం కొట్టు మేడమీద
చెంగల్రాయుడు గారి రాతబల్ల.
దాని మీద ఇప్పుడొక కంప్యూటర్,
అందులో నేను కట్టిన పట్టిక.
నలభై ఏళ్ల ఎర్ర అట్ట చిట్టాల్ని
ఆరు నిలువు గళ్లలోకి దించాను:
పేరు, ఊరు, సరుకు, తూకం, బాకీ, తేదీ.
కింద ‘సేవ్’ అని ఒక మీట,
పక్కనే ‘మళ్లీ తెరువు’ అని ఇంకొకటి.

“ఈ పెట్టె ఆర్పేస్తే ఇవన్నీ ఎక్కడికి పోతాయమ్మా?”
డిస్కులోకి, అన్నాను.
“అక్కడేం చేస్తుంటాయి?”
ఏమీ చెయ్యవు, పడుకుంటాయి.
“పొద్దున్నే లేపితే అదే వరసలో లేస్తాయా?”
నవ్వాను.
నవ్వకుండా ఉండాల్సింది.

మొదటి వారమే ఒక కామా కొంప ముంచింది.
‘కోదండం, తమ్ముళ్లు’ అని ఆయన కొట్టారు.
సేవ్ చేసి తెరిస్తే
కోదండం పేరు గడిలో, తమ్ముళ్లు ఊరి గడిలో,
గూడూరు సరుకైంది, సాంబ్రాణి తూకమైంది,
పన్నెండు కిలోలు బాకీ కింద పడ్డాయి.
“పన్నెండు కిలోల బాకీని వడ్డీ ఎట్లా కట్టేది?”
వేళాకోళం కాదు, నిజంగానే అడిగారు.
ఆ రాత్రి తిరువొత్తియూరు బస్సు దిగి, అన్నం తినకుండా కూర్చుని
ప్రతి మాటకీ రెండువైపులా కొటేషన్లు తగిలించాను,
చంటిపిల్లకి అటూ ఇటూ దిండ్లు పెట్టినట్టు.

తర్వాత తేదీలు తిరగబడ్డాయి, మే మూడు మార్చి ఐదైంది.
అదీ సర్దాను.
సరే, ఇక పర్వాలేదనుకున్నాను.

అగ్నినక్షత్రం ఎండల్లో ఒక మధ్యాహ్నం
కరెంటు పోయింది. యూపీఎస్ కీచుమంది.
నా సాయం లేకుండా, మొదటిసారి, ఆయనే సేవ్ నొక్కారు.
ఫ్యాను తిరిగాక ఆయనే తెరిచారు.
తెర మీద వేలు ఆనించి చాలాసేపు లెక్కపెట్టారు.
“పదహారు తర్వాత ఇక్కడొక వరస ఉండాలే.”
ఎవరిది?
“పేరు లేదు.”
బాకీ ఎంత?
“రాయలేదు.”
మరి అందులో ఏముంది?
“ఏమీ లేదు. అదే పోయింది.”

కోడులో ఆ వాక్యం ఎక్కడుందో నాకు తెలుసు:
గళ్లన్నీ ఖాళీ అయితే వరసని వదిలెయ్.
శుభ్రత అనుకుని రాశాను.
పనిచేసిన మూడు కంపెనీల్లోనూ అట్లాగే రాశాను.

ఆయన లేచి బీరువా మీంచి చిట్టాలు దించారు.
ఒకటి కాదు, తొమ్మిది.
ప్రతి దాంట్లో పదిహేడో గీత మీద సిరా లేదు.
కాగితం మాత్రం అక్కడ నున్నగా అరిగింది, వేలు ఆగీ ఆగీ.
ఉగాదికి పాత చిట్టా కొత్తదాంట్లోకి ఎత్తిరాసేటప్పుడు
ఆ ఖాళీని కూడా ఎత్తిరాసేవారట.

“పూలు కట్టే కుముదవల్లి.
మొగుడు పోయిన పూట అరకిలో బిళ్లలు పట్టుకుపోయింది.
రాస్తే షావుకారు అడుగుతాడు.
రాయకపోతే నేను మరిచిపోతాను.
అందుకని చోటు వదిలాను.”
తర్వాత ఇచ్చిందా?
“అడగందే ఎట్లా ఇస్తుందమ్మా?”

ఆ వాక్యం తీసేశాను.
సేవ్ చేసి, ఫైలుని పట్టికలా కాకుండా
ఉత్త అక్షరాలుగా విప్పి చూశాను.
పదహారులో కోదండం, దిండ్ల మధ్య తమ్ముళ్లతో సహా.
పదిహేడులో
,,,,,
ఐదు కామాలు. వాటి మధ్య ఆరు చోట్లు.

మర్నాడు పొద్దున పెట్టె వెలిగించి, తెరిచి
ఆయన వేలుతో పదిహేడు దాకా వచ్చారు,
కాసేపు ఆగారు.
మెట్ల కింద ఎవరో తమిళంలో సాంబ్రాణి ధర అడుగుతున్నారు.
కళ్లద్దాలు పంచె కొంగుతో తుడుచుకుని
పద్దెనిమిదికి దిగారు.