రెండు బిందెల ఆయాసం

ఉదయం ఏడున్నరకి నా ఫోన్లు మొదలు.
ఆసుపత్రి వెనక పాత ఎక్స్‌రే గది మా ఆఫీసు,
గోడలకింకా హైపో వాసన.
నూట నలభై ఇద్దరి ఊపిరి నా రిజిస్టర్లో ఉంది గానీ
పేర్లు రాయకూడదు, అంకెలే.
పెంచలమ్మ నాకు సున్నా డెబ్భై మూడు.

వ్యాసర్పాడిలో రైలుకట్ట పక్క సందు,
ముప్పై ఎనిమిదేళ్ళు కట్టెలపొయ్యి మీద ఇడ్లీలు.
బీడీ ముట్టని మనిషి.
మొదటిరోజు గొట్టంలోకి ఊదమంటే
పొయ్యి ఊదినట్టు ఊదింది,
నిదానంగా, బూడిద లేవకుండా.
మూడుసార్లు మళ్ళీ ఊదించాం.

"ఆయాసం ఎంత? సున్నా నుంచి పదిలోపు చెప్పండి."
ఇంతకన్నా ఒక్క మాట ఎక్కువ అనకూడదు నేను.
ఆమెకి పదితో పని లేదు.
"రెండు బిందెల ఆయాసం పాపా" అంటుంది.
నీళ్ళ లారీ కాణ్ణించి గడపదాకా
రెండు మోస్తే ఎంతో అంత.
నేను నాలుగని రాస్తాను.
ఒకరోజు "మూడు" అంది.
మూడు బిందెలు ఎవరు మోస్తారు?
ఎనిమిది రాసి ఆటో పంపాను.

కఫం రంగుకి నాలుగు గళ్ళున్నాయి.
ఆమె దగ్గర ఇంకా ఉన్నాయి: గంజి, నిన్నటి సాంబారు,
పిందె మామిడికాయ.
"ఇయ్యాళ చెప్పన్లే, నువ్వింకా టిఫిన్ తినుండవు."
ఆ గడి ఖాళీగా పంపితే
పుణె నుంచి ఎర్ర జెండాతో ప్రశ్న వచ్చింది.

కొడుంగయూరు చెత్తకుప్ప అంటుకున్న వారం
మా అంకెల్లో పదకొండింటికి ఒక్కసారే ఊపిరి ఎగదన్నింది.
ఇంగ్లీషులో దీన్ని మంట ఎగయడం అంటారని చెబితే
నవ్వింది, నవ్వు దగ్గులో పడి ఎంతకీ తేలలేదు.
"పొయ్యి ఎగిస్తే నీళ్ళు జల్లరు పాపా,
పొగ ఇల్లంతా కమ్ముకుంటాది.
కట్టె రవ్వంత ఎనక్కి లాగాల.
ఎంత లాగాలో చేతికి తెలుస్తాది."

మా పరిశోధనంతా ఆ 'ఎంత' కోసమే.
స్టెరాయిడ్ మాత్ర అయిదు రోజులా, పది రోజులా?
అందరికీ పది రోజుల సీసాయే,
సగం మందికి ఆరో రోజు నుంచి ఉత్త పిండి,
అదే రంగు, అదే గుండ్రం, మధ్యలో అదే గీత.
ఎవరికేదో నాకు తెలీదు, డాక్టరుకీ తెలీదు.
తెలిసిన కవరు బీరువాలో ఉంది,
తాళంచెవి ఇంకో ఊళ్ళో.

పదకొండో రోజు సీసా వెనక్కి తెచ్చుకోడానికి వెళ్ళాను.
ఖాళీ. రెండుసార్లు బోర్లించి చూశాను.
"ఆరో దినం నుంచి చేదు లేదు గదా" అంది
ఇడ్లీపాత్ర మూత తీసి, ఆవిరికి మొహం పక్కకి తిప్పుకుంటూ.

నా పెన్ను ఆగిపోయింది.

"ఇన్నేళ్ళు పిండి పులిసిందో లేదో నాలికతో చూసినదాన్ని.
నాకు తెలీకూడదని నువ్వంత అగచాట్లు పడతా ఉంటే
పైకి ఎందుకు చెప్పాల అనుకున్నా.
ఉత్తదని పారెయ్యలా.
లెక్క నీది గదా, మింగినా."

చేదు కూడా సమానంగా కలిపామని
తయారీదారు ఇచ్చిన కాగితం మా ఫైల్లో ఉంది,
ముద్రతో సహా.

ఫారం చివర ఒక ప్రశ్న ఉంటుంది:
ఏ మాత్ర అందిందో పేషెంటు గుర్తించారా?
ఏడు నెలలుగా అందరికీ 'తెలియదు' కొట్టీ కొట్టీ
చెయ్యి ఆ గడికే పోతోంది.
కట్ట మీద రైలు పోయింది, గిన్నెల మూతలు అదిరాయి.
'అవును' అని రాశాను.
ఎలా? అన్నచోట
'నాలుక' అని రాసి
పుణె ఏమడుగుతుందోనని కాసేపు కూచున్నాను.

ఆయాసం సంగతే అడగడం మరిచాను.
గుమ్మం దగ్గర చెప్పులు తొడుక్కుంటుంటే
ఆమే అంది, "రాసుకో పాపా,
బిందె గూడా లేదియ్యాళ. చెంబు."

ఒకటని రాశాను.
బస్సెక్కాక సున్నా చేశాను, మళ్ళీ ఒకటి.
కొట్టివేసిన ప్రతిచోటా సంతకం, తేదీ ఉండాలి.
పెట్టాను.