పదిహేనో వరస

బెర్గెన్‌లో వాన పడని రోజుకి
మా గది గోడ మీద ఒక గీత పెడతాం.
ఆ రోజు గీత పెట్టే పని పడలేదు.
ఇంగున్ తడిసిన సాక్సులు హీటరు మీద ఆరేసి
ప్రశ్నని ఇంకోసారి నడిపింది.

జవాబు రాలేదు.
తప్పు జరిగిందని కూడా అనలేదు యంత్రం.
ఒక ఖాళీ పట్టిక. పైన శీర్షికలు మాత్రం వరసగా,
ఎవరూ రాని విందుకి వేసిన కుర్చీల్లా.

అడిగింది పెద్ద ప్రశ్నేం కాదు.
స్కార్వోయ దీవి నుంచి, ఒకనాటి ఫిబ్రవరి తెల్లవారుజామున
కాడ్ చేపల వేటకి వెళ్ళినవాళ్ళు ఇరవై ముగ్గురు.
అదొక పట్టిక.
తుఫాను తర్వాత ఒడ్డుకి చేరినవాళ్ళది ఇంకో పట్టిక.
అందులో ఉండి ఇందులో లేనివాళ్ళు
ఎవరు?

చిన్నపిల్లల తీసివేత.
ఇరవై మూడులోంచి పద్నాలుగు పేర్లు పోతే
వేళ్ళ మీద లెక్కపెట్టినా తొమ్మిది.
యంత్రం ఒక్కరినీ చూపించలేదు.

నాలుగేళ్ళుగా ఇంగున్ పని ఇదే:
ప్రశ్న గడప దాటకముందే
జబ్బ పట్టుకుని ఆపే నియమాలు రాయడం.
ప్రతి గడికీ ఒక రకం. సంఖ్య, తేదీ, పేరు,
ఆపైన, "పేరు ఉండొచ్చు, ఉండకపోవచ్చు".
ఆ చివరిదానికే ఆమె సిద్ధాంత వ్యాసంలో సగం పోయింది.
కోడిగుడ్డుకి ఈకలు పీకుతున్నావంటాను నేను.
పీకిన ఈకలు తెచ్చి నాకు చూపిస్తుంది.

చీకటి పడ్డాక దొరికింది.
రెండో పట్టికలో పదిహేనో వరస.
తేదీ ఉంది. "పడమటి రాళ్ళ మీద" అని చోటుంది.
పేరు గడి ఖాళీ.

ఆ ఒక్క ఖాళీ చాలు.
తారాల్డ్ ఈ జాబితాలో లేడు కదా? అంటే
పద్నాలుగు పేర్లూ చూసి, కాదు, కాదు, కాదు అనుకుంటూ వచ్చి
పదిహేనో దగ్గర ఆగి
తెలియదు అనుకుంటుంది యంత్రం.
గున్‌లైక్? తెలియదు.
తొమ్మిది మందికీ అదే మాట.
తెలియనివాళ్ళని జవాబులోకి రానివ్వదు,
దాని కట్టుబాటు అది.

ఎక్కించినవాళ్ళ అజాగ్రత్త అనుకుని
ఇంగున్ దీవి దస్తావేజుల ఆఫీసుకి ఫోన్ చేసింది.
ఎత్తింది హల్దిస్, ఆ దీవి మనిషే.

"కాగితంలోనూ ఖాళీయేనమ్మా.
ఆ రాత్రి రాళ్ళ మీదికి ఒకడు పాక్కుంటూ వచ్చాడు.
లైట్‌హౌస్ వాళ్ళ పిల్ల, పదేళ్ళది, వేడి పాలిచ్చింది.
గడ్డకట్టిన ఊలు, ముఖం నిండా ఉప్పు.
లాంతరు తెచ్చేలోపు మనిషి లేడు.
మావాడో, పక్క దీవివాడో, ఎవరికి ఏం వరసో.
పాస్టరు తేదీ రాసి, చోటు రాసి
పేరు దగ్గర కలం ఎత్తేశాడు.

చావు కాగితాలొచ్చినప్పుడు
తొమ్మిది మంది ఆడవాళ్ళలో ఒక్కతీ సంతకం పెట్టలేదు.
ఏడేళ్ళు. వచ్చే భృతి కూడా వదులుకున్నారు.
మా అమ్మమ్మ వాళ్ళమ్మ అందులో ఒకతె.
పొరుగువాళ్ళ బంగాళాదుంపలు తవ్వి బతికింది గానీ
ఆ మాట మాత్రం నోట రానివ్వలేదు."

ఫోన్ పెట్టేశాక చాలాసేపు వాన చప్పుడే.
"అయితే యంత్రం సరిగ్గానే చెప్పింది" అన్నాను.
"చెప్పలేదు. ఊరుకుంది.
రెండూ ఒకటేనా?" అని కసిరింది.

లేడు. తెలియదు.
ఈ రెంటికీ ఒకే తెల్ల గడి గీసి ఇచ్చినవాళ్ళెవరో
ఆ కోపం వాళ్ళ మీద.

వ్యాసంలో మాత్రం ఉద్యోగులు, శాఖలు చాలన్నాడు ఆమె గైడు.
అలాగే రాసింది.
కానీ పరీక్షల ఫైల్లో ఆ ఇరవై ముగ్గురూ అలాగే ఉన్నారు.
ఇప్పుడు ప్రశ్న ముందుకి కదలదు.
మధ్యలో ఆగి అడుగుతుంది:
పేరు తెలియనివాడు ఒకడున్నాడు,
అతన్నేం చెయ్యమంటావు?

కర్సరు మిణుకుతోంది.
ఇంగున్ ఇంకా ఏమీ టైపు చెయ్యలేదు.
సాక్సులు మాత్రం ఆరాయి.