తొంభై సెకన్లు

గాజు గొట్టంలో పిడికెడు ఇత్తనాలు పోసి
మూత బిగించినాను.
పంపు దగ్గింది, ముసలి ఎద్దు మాదిరి.
లోపలి గాలి పలచబడి పలచబడి
మీట నొక్కంగానే
వంకాయరంగు వెలుగైంది.

"అగ్గా?" అంది అక్కులమ్మ,
కంబదూరు నుంచి తొలి బస్సుకు
సెనక్కాయల సంచి ఒళ్లో పెట్టుకోని వచ్చిన మనిషి.
అగ్గి కాదవ్వా, చెయ్యి పెడితే గోరువెచ్చన.
"మరి మెరుపా?"
నా దగ్గర జవాబు లేదు.
ఫర్హానా మేడం నవ్వి, సగం నిజమే అంది.

తొంభై సెకన్లు. అంతకు మించకూడదు.
మూడు నిమిషాలు పెడితే మొలకే రాదని
నిరుడు రెండు సేర్లు చంపి నేర్చుకున్నాం.

మూత తీస్తే గదంతా
ఉరిమినాక, చినుక్కి ముందు వచ్చే వాసన.
అవ్వ తలెత్తి స్లాబు దిక్కు చూసింది.
అలవాటు.

గింజ మీద నీటిచుక్క వేసి చూపించినాను.
వెలుగు తగలని గింజ మీద అది
గోలీ మాదిరి నిలబడి జారిపోయింది.
దీని మీద పొట్టంతా పరుచుకోని ఇంకింది.
"ఇత్తనానికి దాహం నేర్పినామవ్వా"
అన్నాను, కొంచెం గొప్పగానే.

ఆమె గింజను బొటనవేలి మీద దొర్లించింది.
ఎండాకాలమంతా కాయలొలిచి
గోరు పక్కన చీలిన వేలు.
"మా సేన్లో పుట్టేదానికి
దాహం ఇంగొకరు నేర్పాల్నా నాయనా?"

ఆరుద్రలో పదునైంది.
ఎర్రదారం కట్టినవి నా సాళ్లు.
తెల్లదారం కట్టినవి ఆమెవి, బూడిద పూసి ఇత్తినవి.
ఎనిమిదోనాడు మోకాళ్ల మీద పాకి లెక్కబెట్టినాను:
నూటికి ఎనభై ఆరు, డెబ్బై ఒకటి.
పుస్తకంలో రాసి కింద రెండు గీతలు గీసినాను.

తర్వాత ముప్పైనాలుగు దినాలు వాన లేదు.
పుస్తకంలో దానికి గడి లేదు.
పూత వచ్చింది, ఊడలు వచ్చినాయి,
గట్టిపడిన ఎర్రనేల వాటిని దిగనియ్యలే.

నిన్న ఫోన్లో అక్కులమ్మ:
"ఎర్రదారం ఎండకు వెలిసి తెల్లగైంది.
నీ సాలేదో నా సాలేదో తెలీకుండా ఉండాది.
అన్నీ మబ్బు దిక్కే చూస్తాండాయి.
నువ్వొచ్చి రాసుకునేదాకా
పీకనులే.

వచ్చేటప్పుడు కొంచెం దారం తే."